ఏడబ్ల్యూఎక్స్‌లో ఒకే జాబ్‌కు రెండు మెషిన్ క్రెడెన్షియల్స్ కావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ఆఫీసులో ఏడబ్ల్యూఎక్స్ (ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ పనిముట్టును వెబ్ స్క్రీన్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నారు. ఒకే ప్యాచింగ్ ప్లేబుక్ (చేయాల్సిన పనులు వరుసగా రాసిన ఫైల్) మూడు రకాల సర్వర్ల మీద నడవాలి. లోపలి నెట్‌వర్క్‌లోని లినక్స్ సర్వర్లకు ఒక ఎస్ఎస్‌హెచ్ కీ ఉంది, డీఎంజెడ్‌లోని (బయటి ఇంటర్నెట్‌కు, లోపలి నెట్‌వర్క్‌కు మధ్య విడిగా ఉంచిన భాగంలోని) లినక్స్ సర్వర్లకు ఇంకో కీ ఉంది, విండోస్ సర్వర్లకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉన్నాయి. జాబ్ టెంప్లేట్‌లో (ఏ ప్లేబుక్, ఏ సర్వర్లు, ఏ లాగిన్ అని ముందే పెట్టుకునే అమరికలో) రెండో మెషిన్ క్రెడెన్షియల్ (సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే లాగిన్) ఎంచుకోగానే మొదటిది పోతోంది. ఏపీఐ ద్వారా పంపితే ఒకటి కంటే ఎక్కువ మెషిన్ క్రెడెన్షియల్స్ పెట్టడం కుదరదని ఎర్రర్ వస్తోంది. పాస్‌వర్డ్‌లు ఇన్వెంటరీలోనే (సర్వర్ల జాబితాలోనే) రాసేస్తే పోతుంది కదా అని మీ టీమ్‌లో ఒకరు అన్నారు. అలా చేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఒక జాబ్ టెంప్లేట్‌కు ఒక్కో రకం క్రెడెన్షియల్ ఒక్కటే పెట్టగలం. రెండు మెషిన్ క్రెడెన్షియల్స్ పెట్టే దారి లేదు. ఈ నియమానికి ఉన్న మినహాయింపు ఆన్సిబుల్ వాల్ట్ క్రెడెన్షియల్ ఒక్కటే, దాని గురించి కింద చెబుతాను. కానీ వేర్వేరు రకాల క్రెడెన్షియల్స్ ఎన్నైనా కలిపి పెట్టొచ్చు. మీ సమస్యకు పరిష్కారం అక్కడే ఉంది. ఎక్కువ సర్వర్లకు పనికొచ్చే కీని మెషిన్ క్రెడెన్షియల్‌గా ఉంచండి. విండోస్ లాగిన్‌కు, డీఎంజెడ్ లాగిన్‌కు మీరే రెండు కొత్త క్రెడెన్షియల్ టైపులు తయారు చేసుకోండి. ఏ గ్రూపు సర్వర్లు ఏది వాడాలో ఇన్వెంటరీ గ్రూపు వేరియబుల్స్‌లో చెప్పండి. లేదా పనిని మూడు జాబ్ టెంప్లేట్లుగా విడదీసి వర్క్‌ఫ్లోలో (జాబ్‌లను ముడివేసి నడిపే ఏర్పాటులో) కలపండి. రెండూ నేను వాడాను. ఏది ఎప్పుడు వాడాలో చెబుతాను.

ఇన్వెంటరీలో పాస్‌వర్డ్ మాత్రం రాయకండి. ఆ ఇన్వెంటరీకి రీడ్ అనుమతి ఉన్న ప్రతి ఒక్కరికీ అది అక్షరం అక్షరం కనిపిస్తుంది. ఇన్వెంటరీ గిట్ నుంచి వస్తుంటే ఇంకా ఇబ్బంది. రేపు ఆ లైన్ తీసేసినా పాత కమిట్‌లలో అలాగే ఉండిపోతుంది. క్రెడెన్షియల్‌గా సేవ్ చేసిన రహస్యం డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఒకసారి సేవ్ చేశాక స్క్రీన్ మీద మళ్లీ ఎవరికీ కనిపించదు, అడ్మిన్‌కు కూడా.

ముందు ఒక చిన్న హెచ్చరిక. వెతికితే పాత సమాధానాలు చాలా దొరుకుతాయి. వాటిలో కొన్ని టవర్ (ఇప్పటి రెడ్‌హ్యాట్ ఆటోమేషన్ కంట్రోలర్‌కు పాత పేరు) 3.2 కాలానివి. అప్పట్లో జాబ్ టెంప్లేట్‌లో మెషిన్‌కు ఒక గడి, వాల్ట్‌కు ఒక గడి, మిగతా వాటికి ఇంకో గడి ఉండేవి. 2018లో వచ్చిన టవర్ 3.3 నుంచి అన్నీ ఒకే జాబితాలోకి వచ్చాయి. పాత పద్ధతి చూసి ఏపీఐ స్క్రిప్ట్ రాస్తే అనవసరంగా తంటాలు పడతారు. నేను చెప్పేది ఏడబ్ల్యూఎక్స్ 24.6.1కి, అంటే 2024 జూలైలో వచ్చిన దానికి సరిపోతుంది. రెడ్‌హ్యాట్ వారి ఆటోమేషన్ కంట్రోలర్‌లోనూ ఈ విషయంలో పద్ధతి ఇదే.

ఇప్పుడు అసలు విషయం. ఈ వ్యవహారమంతా ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది. ఆన్సిబుల్‌లో ఒకే విలువ నాలుగు చోట్ల నుంచి వస్తే ఏది గెలుస్తుంది?

మెషిన్ క్రెడెన్షియల్‌లో మీరిచ్చిన యూజర్‌నేమ్, ఆన్సిబుల్‌ను నడిపే కమాండ్ లైన్‌లో మామూలు ఆప్షన్‌గా వెళ్తుంది. చాలామంది కమాండ్ లైన్‌లో ఇచ్చింది కాబట్టి అదే గెలుస్తుందనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా ఎదురు. కమాండ్ లైన్ ఆప్షన్‌గా ఇచ్చిన యూజర్‌కు వేరియబుల్స్ అన్నిటికన్నా తక్కువ బలం. ఇన్వెంటరీలో ఒక గ్రూపుకు ఆన్సిబుల్_యూజర్ అని రాస్తే, ఆ గ్రూపు వరకు మెషిన్ క్రెడెన్షియల్‌లోని యూజర్ పక్కకు వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్ సంగతీ అంతే, సుడో (రూట్ అధికారంతో పని చేయించే కమాండ్) పాస్‌వర్డ్ సంగతీ అంతే. అంటే మెషిన్ క్రెడెన్షియల్ అనేది "ఇంకేమీ చెప్పకపోతే ఇది వాడు" అనే డిఫాల్ట్ మాత్రమే. ఎక్స్‌ట్రా వేరియబుల్స్ (జాబ్ మొదలుపెట్టేటప్పుడు విడిగా ఇచ్చే విలువలు) దీనికి రెండో కొస. వాటిని ఏదీ ఓడించలేదు, ఇన్వెంటరీ కాదు, ప్లేబుక్ కాదు, ప్లేబుక్ నడుస్తుండగా విలువ పెట్టే సెట్ ఫ్యాక్ట్ కూడా కాదు.

ఈ రెండు కొసలూ గుర్తుంటే మిగతాది మీరే కట్టుకోగలరు.

విండోస్‌తో మొదలుపెడదాం. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి కొత్త క్రెడెన్షియల్ టైప్ చేయండి (మామూలు యూజర్లకు ఈ అవకాశం ఉండదు). దానికి రెండు భాగాలుంటాయి. ఇన్‌పుట్ భాగంలో ఏయే గడులు కావాలో రాస్తారు. ఇక్కడ యూజర్‌నేమ్ ఒకటి, పాస్‌వర్డ్ ఒకటి. పాస్‌వర్డ్ గడికి సీక్రెట్ అనే గుర్తు తప్పకుండా పెట్టండి, అది లేకపోతే ఎన్‌క్రిప్ట్ కాదు. ఇంజెక్టర్ భాగంలో ఆ విలువలు జాబ్‌కు ఎలా చేరాలో రాస్తారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, ఎక్స్‌ట్రా వేరియబుల్‌గా, లేదా తాత్కాలిక ఫైల్‌గా ఇవ్వొచ్చు. విండోస్‌కు ఎక్స్‌ట్రా వేరియబుల్ చాలు. విన్_యూజర్, విన్_పాస్ అని పేర్లు పెట్టండి. తర్వాత ఇన్వెంటరీలో విండోస్ గ్రూపు వేరియబుల్స్‌లో ఆన్సిబుల్_యూజర్ విలువగా జింజా బ్రేసుల (రెండేసి మీసాల బ్రాకెట్ల) మధ్య విన్_యూజర్ అని, ఆన్సిబుల్_పాస్‌వర్డ్ విలువగా విన్_పాస్ అని రాయండి. కనెక్షన్ విన్‌ఆర్ఎం (విండోస్‌ను దూరం నుంచి నడిపే పద్ధతి) అని, పోర్టు 5986 అని కూడా అక్కడే ఉంటుంది. ఇప్పుడు ఇన్వెంటరీలో ఉన్నవి పేర్లే. అది ఎవరు చూసినా పర్వాలేదు.

ఎక్స్‌ట్రా వేరియబుల్‌కు నేరుగా ఆన్సిబుల్_యూజర్ అనే పేరు పెట్టకండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా టీమ్‌లో ఇది జరిగింది. కొత్తగా చేరిన అబ్బాయి, మధ్యలో ఇంకో పేరు ఎందుకని, ఇంజెక్టర్‌లో నేరుగా ఆన్సిబుల్_యూజర్ అని రాశాడు. విడిగా విండోస్ సర్వర్ల మీద పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. శనివారం రాత్రి మెయింటెనెన్స్ విండోలో అన్ని సర్వర్ల మీద జాబ్ మొదలుపెట్టగానే లినక్స్ సర్వర్లన్నీ అన్‌రీచబుల్ అని ఎర్రగా వచ్చాయి. కీలో తేడా వచ్చిందా, ఫైర్‌వాల్ ఎవరైనా మార్చారా అని నెట్‌వర్క్ వాళ్లను నిద్రలేపి మరీ వెతికాం. తీరా చూస్తే ప్రతి లినక్స్ సర్వర్‌కూ విండోస్ అడ్మిన్ పేరుతో లాగిన్ అవ్వబోతోంది. ఎక్స్‌ట్రా వేరియబుల్‌ది పైచేయి కాబట్టి ఒక్క గ్రూపుకు ఉద్దేశించింది అన్ని హోస్టులకూ వర్తించింది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేం, ఈ సంగతి ముందే అతనికి చెప్పాల్సింది మేమే. మధ్యలో ఇంకో పేరు పెట్టడం వల్ల విలువ అందరికీ అందుబాటులో ఉన్నా, దాన్ని వాడాలా వద్దా అనేది గ్రూపు నిర్ణయిస్తుంది.

డీఎంజెడ్ కీకి ఫైల్ ఇంజెక్టర్ కావాలి, ఎందుకంటే ఈ పద్ధతిలో ఎస్ఎస్‌హెచ్‌కు కీని ఫైల్ రూపంలో ఇస్తాం. ఇన్‌పుట్‌లో కీ గడికి సీక్రెట్‌తో పాటు మల్టీలైన్ అనీ, ఫార్మాట్ ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ అనీ పెట్టండి. ఇంజెక్టర్‌లో ఫైల్ కింద టెంప్లేట్ డాట్ డీఎంజెడ్_కీ అని ఒక ఎంట్రీ, ఎక్స్‌ట్రా వేరియబుల్స్ కింద డీఎంజెడ్_కీ_పాత్ అని ఒక ఎంట్రీ. ఈ రెండో దాని విలువ టవర్ డాట్ ఫైల్‌నేమ్ డాట్ డీఎంజెడ్_కీ. ఏడబ్ల్యూఎక్స్ జాబ్ నడిచేటప్పుడు ఆ ఫైల్‌ను సృష్టించి, దాని దారిని అక్కడ పెడుతుంది. గ్రూపు వేరియబుల్స్‌లో ఆన్సిబుల్_ఎస్ఎస్‌హెచ్_ప్రైవేట్_కీ_ఫైల్‌కు ఆ పాత్ వేరియబుల్ ఇస్తే సరిపోతుంది.

ఇక్కడ మూడు చోట్ల జనం ఇరుక్కుంటారు. మొదటిది, కీ చివర కొత్త లైన్. కీని కాపీ చేసి అతికించేటప్పుడో, టెంప్లేట్ ద్వారా వెళ్లేటప్పుడో ఆ చివరి కొత్త లైన్ పోతే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని చదవనంటుంది. ఇన్‌వాలిడ్ ఫార్మాట్ అనో, లిబ్‌క్రిప్టో ఎర్రర్ అనో వస్తుంది. కీ మార్చారా, పాడైందా అని అనుమానపడేముందు టెంప్లేట్ విలువ చివర ఒక కొత్త లైన్ వచ్చేలా చూడండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం దీంతోనే తీరిపోయాయి. రెండోది, పాస్‌ఫ్రేజ్. మెషిన్ క్రెడెన్షియల్‌లో పెట్టిన కీని ఏడబ్ల్యూఎక్స్ ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్‌లో (కీలను మెమరీలో ఉంచుకునే ప్రోగ్రామ్‌లో) వేస్తుంది, పాస్‌ఫ్రేజ్ ఉంటే అదే ఇచ్చుకుంటుంది. మీ సొంత టైప్‌లో ఫైల్‌గా పెట్టిన కీకి ఆ సాయం ఉండదు. కాబట్టి ఆ కీకి పాస్‌ఫ్రేజ్ ఉండకూడదు. డీఎంజెడ్ కీకే మీ సెక్యూరిటీ వాళ్లు పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి అంటే, దాన్ని మెషిన్ క్రెడెన్షియల్‌గా ఉంచి లోపలి కీని ఫైల్‌గా పెట్టండి.

మూడోది ఎప్పుడో గానీ బయటపడదు. ఏజెంట్‌లో మెషిన్ కీ కూడా ఉంది కదా, డీఎంజెడ్ సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్ ముందు దాన్నే చూపిస్తుంది, సర్వర్ కాదంటే అప్పుడు ఫైల్‌లోని కీ చూపిస్తుంది. మామూలుగా పని జరిగిపోతుంది. కానీ సర్వర్‌లో మ్యాక్స్ ఆథ్ ట్రైస్ (ఒక కనెక్షన్‌లో ఎన్ని లాగిన్ ప్రయత్నాలు ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగ్) విలువను డిఫాల్ట్ అయిన 6 నుంచి 1కో 2కో తగ్గించి ఉంటే లాగిన్ తిరస్కరించే ప్రమాదం ఉంది. డీఎంజెడ్ సర్వర్లలో అలా బిగించి ఉంచడం మామూలే. ఆ గ్రూపుకు ఎస్ఎస్‌హెచ్ ఆర్గ్యుమెంట్లలో ఐడెంటిటీస్ ఓన్లీ యెస్ అని చేర్చండి, ఇచ్చిన కీ మాత్రమే చూపిస్తుంది.

ఇంకొకటి, సుడో. జాబ్ టెంప్లేట్‌లో ప్రివిలేజ్ ఎస్కలేషన్ టిక్ పెడితే అది అన్ని హోస్టులకూ వర్తిస్తుంది, విండోస్‌కు కూడా. అక్కడ సుడో లేదు కాబట్టి టాస్క్ ఫెయిలవుతుంది. ఇలా కలిసిన జాబ్‌లలో టెంప్లేట్‌లో ఆ టిక్ తీసేసి, ప్లేబుక్‌లో లినక్స్ ప్లేలకు మాత్రం బికమ్ (రూట్‌గా మారమనే సూచన) రాసుకోవడం మేలు. ప్లేబుక్ చదివేవారికీ ఎక్కడ రూట్ అవుతున్నామో తెలుస్తుంది.

క్రెడెన్షియల్ టైప్ సేవ్ చేసే ముందు గడుల గురించి ఒకసారి ఆలోచించుకోండి. ఆ టైప్‌తో ఒక్క క్రెడెన్షియల్ వాడకంలోకి వచ్చాక ఇన్‌పుట్ గడులు మార్చనివ్వదు. సుడో పాస్‌వర్డ్ ముందు ముందు కావాల్సి వస్తుందేమో అనిపిస్తే ఆ గడి ఇప్పుడే పెట్టి, తప్పనిసరి కాదని వదిలేయండి.

పెద్ద జాబ్ నడిపే ముందు పరీక్ష. నేను ప్రతిసారీ చేసేది ఇదే. నాలుగు లైన్ల ప్లేబుక్, లినక్స్ గ్రూపులకు పింగ్, విండోస్ గ్రూపుకు విన్ పింగ్. లిమిట్ గడిలో ఒక్కో గ్రూపు నుంచి ఒక్కో సర్వర్ పేరు పెట్టి, ఆ మూడింటి మీదా కలిపి ఒకేసారి నడపండి. ఒక్కో గ్రూపును దాని క్రెడెన్షియల్ ఒక్కదానితో విడివిడిగా పరీక్షిస్తే, పైన నేను చెప్పిన శనివారం రాత్రి తప్పు బయటపడేది కాదు. కలిపి నడిపినప్పుడే ఒకదాని విలువ ఇంకోదాని మీదకు పాకుతోందా లేదా తెలుస్తుంది.

ఇప్పుడు రెండో దారి, వర్క్‌ఫ్లో. ఒకే ప్లేబుక్‌ను లేదా మూడు ప్లేబుక్‌లను మూడు జాబ్ టెంప్లేట్లుగా చేసి, ఒక్కోదానికి దాని మెషిన్ క్రెడెన్షియల్ ఇచ్చి, వర్క్‌ఫ్లో టెంప్లేట్‌లో ముడివేయడం. సొంత టైపులు అక్కర్లేదు. విండోస్‌కు కూడా మామూలు మెషిన్ క్రెడెన్షియల్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పనిచేస్తుంది. విండోస్ భాగం ఫెయిలైతే దాన్ని మాత్రం మళ్లీ నడపొచ్చు. డీఎంజెడ్ భాగాన్ని ఎవరు నడిపారో రికార్డు విడిగా ఉంటుంది, ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

నా అభిప్రాయం అడిగితే, సర్వర్ గ్రూపుల మధ్య పని విడివిడిగా జరిగేదైతే వర్క్‌ఫ్లో వాడండి. ఒక గ్రూపు పని మధ్యలో ఇంకో గ్రూపు మీద పని చేయాల్సి ఉంటేనే ఒకే జాబ్‌లో కలపండి. ఉదాహరణకు, డీఎంజెడ్‌లోని లినక్స్ లోడ్ బ్యాలెన్సర్ నుంచి ఒక విండోస్ సర్వర్‌ను తీయాలి, దాన్ని ప్యాచ్ చేయాలి, తిరిగి చేర్చాలి, తర్వాత ఇంకో సర్వర్‌కు వెళ్లాలి. సీరియల్ 1 పెట్టి, డెలిగేట్ టు ద్వారా లోడ్ బ్యాలెన్సర్ మీద టాస్క్ నడుపుతూ చేసే ఈ పనిని వర్క్‌ఫ్లోలో చేయడం నరకం. ఒకే జాబ్‌లో రెండు రకాల లాగిన్లు కావాల్సింది సరిగ్గా ఇలాంటి చోటే. మీ ప్రశ్నలో ఇలాంటి వరుస ఏదీ చెప్పలేదు. ప్యాచింగ్ మూడు గ్రూపులకూ విడిగా జరిగేదే అయితే మీకు వర్క్‌ఫ్లోనే తేలిక.

వర్క్‌ఫ్లోలో ఒక జాబ్ నుంచి ఇంకో జాబ్‌కు విలువలు పంపడానికి సెట్ స్టాట్స్ వాడతారు. అందులో పాస్‌వర్డ్ గానీ టోకెన్ గానీ పెట్టకండి. అవి జాబ్ ఆర్టిఫాక్ట్స్‌గా సేవ్ అవుతాయి, జాబ్ చూడగలిగిన వారందరికీ కనిపిస్తాయి. ఇంకో పరిమితి కూడా ఉంది. నడిపేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టిన క్రెడెన్షియల్‌ను వర్క్‌ఫ్లోలో పెట్టలేం, షెడ్యూల్‌లోనూ పనిచేయదు, ఎందుకంటే రాత్రి రెండింటికి అక్కడ టైప్ చేసే మనిషి ఉండడు.

ఇందాక వాల్ట్ గురించి చెబుతానన్నాను. వాల్ట్ అనే మాటతో చాలామంది తికమక పడతారు. ఆన్సిబుల్ వాల్ట్ అంటే ప్లేబుక్ పక్కన ఉండే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి. హాషికార్ప్ వాల్ట్ అంటే రహస్యాలు దాచే వేరే సర్వర్. ఏడబ్ల్యూఎక్స్‌లో వాల్ట్ అనే క్రెడెన్షియల్ మొదటి దానిది. ఒక జాబ్ టెంప్లేట్‌కు ఇవి ఎన్నైనా పెట్టొచ్చు, కానీ ఒక్కోదానికి వాల్ట్ ఐడీ వేరుగా ఉండాలి. ప్రొడక్షన్ ఫైళ్లు ఒక ఐడీతో, డేటాబేస్ టీమ్ ఫైళ్లు ఇంకో ఐడీతో ఎన్‌క్రిప్ట్ చేసి, రెండు పాస్‌వర్డ్‌లూ ఒకే జాబ్‌కు ఇవ్వొచ్చు. ఈ ఐడీలు ఆన్సిబుల్ 2.4తో వచ్చాయి. ఐడీతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్ మొదటి లైన్‌లో 1.2 అని, చివర ఆ ఐడీ పేరు ఉంటుంది. ఐడీ లేకపోతే 1.1 అని ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఐడీ సూచన మాత్రమే. అది సరిపోకపోతే ఆన్సిబుల్ తన దగ్గరున్న మిగతా పాస్‌వర్డ్‌లన్నీ ప్రయత్నిస్తుంది. అందుకని ఐడీ వేరుగా ఉంది కాబట్టి ఒక టీమ్ రహస్యం ఇంకో టీమ్‌కు అందదు అనుకోకండి. అందకూడదంటే ఆ పాస్‌వర్డ్‌ను ఆ జాబ్‌కు ఇవ్వకూడదు.

క్లౌడ్ ఖాతాల విషయంలోనూ మీ ప్రశ్నే రేపు ఎదురవుతుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ క్రెడెన్షియల్ తన కీలను తెలిసిన పేర్లున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇస్తుంది. రెండు ఖాతాలు పెట్టబోతే రెండూ అవే పేర్ల కోసం కొట్టుకుంటాయి, అందుకే ఒక్కటే పెట్టనిస్తుంది. రెండో ఖాతాకు సొంత టైప్ చేయొచ్చు, పేర్లు మార్చి, టాస్క్‌కు విడిగా ఇవ్వొచ్చు. అయితే దానికన్నా మంచి పద్ధతి ఉంది. ఒకే ఖాతా కీతో లోపలికి వెళ్లి, రెండో ఖాతాలోని రోల్‌ను ఎస్‌టీఎస్ అస్యూమ్ రోల్ మాడ్యూల్‌తో తీసుకోండి. తాత్కాలిక కీలు వస్తాయి, కాసేపటికి వాటి గడువు తీరిపోతుంది. దాచాల్సిన శాశ్వత కీ ఒకటి తగ్గుతుంది.

కొన్ని క్రెడెన్షియల్స్ అసలు జాబ్ టెంప్లేట్‌కు చెందవు. గిట్ లాగిన్ ప్రాజెక్టుకు పెట్టాలి, గెలాక్సీ టోకెన్ ఆర్గనైజేషన్‌కు, కంటైనర్ రిజిస్ట్రీ లాగిన్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్‌కు (జాబ్ నడిచే కంటైనర్ ఇమేజ్‌కు), క్లౌడ్ నుంచి ఇన్వెంటరీ తెచ్చే కీ ఆ ఇన్వెంటరీ సోర్స్‌కు. జాబ్ టెంప్లేట్‌లో గిట్ క్రెడెన్షియల్ కనిపించడం లేదని అడిగేవాళ్లు నెలకొకరైనా తగులుతారు.

ఇక అనుమతులు. ఏడబ్ల్యూఎక్స్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. ఒక మనిషికి జాబ్ టెంప్లేట్ మీద ఎగ్జిక్యూట్ అనుమతి ఇస్తే చాలు, అందులోని క్రెడెన్షియల్స్ మీద ఏ అనుమతీ అక్కర్లేదు. హెల్ప్ డెస్క్‌లో ఉన్న వాళ్లు ప్రొడక్షన్ సర్వర్ రీస్టార్ట్ చేయగలరు, ప్రొడక్షన్ కీ వాళ్ల చేతికి వెళ్లదు. కానీ టెంప్లేట్‌లో క్రెడెన్షియల్స్‌కు ప్రాంప్ట్ ఆన్ లాంచ్ పెట్టి, నడిపేవారే వేరేది ఎంచుకోవాలంటే, ఎంచుకునే దాని మీద వాళ్లకు యూజ్ అనుమతి ఉండాలి. ఏపీఐ నుంచి లాంచ్ చేస్తూ క్రెడెన్షియల్స్ జాబితా పంపితే పూర్తి జాబితా పంపాలి. ఒక రకానికి బదులు అదే రకం ఇంకొకటి ఇవ్వొచ్చు గానీ, ఉన్నదాన్ని ఊరికే తీసేస్తే ఒప్పుకోదు. మీ స్క్రిప్ట్‌లో మెషిన్ క్రెడెన్షియల్ ఐడీ ఒక్కటే పంపుతుంటే, టెంప్లేట్‌లో వాల్ట్ చేర్చిన మరుసటి రోజే అది ఫెయిలవుతుంది.

అనుమతుల్లో అందరూ మర్చిపోయే తలుపు ఒకటుంది. ప్లేబుక్ మార్చగలిగినవాడు ఆ జాబ్‌కు ఇచ్చిన రహస్యాలను చదవగలడు. డీబగ్ టాస్క్ ఒకటి చేర్చి విన్_పాస్ ప్రింట్ చేస్తే జాబ్ అవుట్‌పుట్‌లో వచ్చేస్తుంది. ఏడబ్ల్యూఎక్స్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ప్లేబుక్‌కు ఆ విలువ ఇవ్వడమే దాని పని. అందుకని ప్రొడక్షన్ క్రెడెన్షియల్స్ వాడే ప్రాజెక్టు ఏ గిట్ బ్రాంచ్ నుంచి వస్తుందో, ఆ బ్రాంచ్‌లోకి రెండో మనిషి చూడకుండా ఏదీ మెర్జ్ కాకుండా ఉండాలి. పాస్‌వర్డ్ తాకే టాస్కులకు నో లాగ్ (అవుట్‌పుట్‌లో విలువలు దాచే సెట్టింగ్) పెట్టండి. ఇది దొంగను ఆపదు, కానీ పొరపాటున ఎక్కువ వర్బోసిటీతో (అవుట్‌పుట్‌లో ఎక్కువ వివరాలు వచ్చేలా) నడిపినప్పుడు కాపాడుతుంది.

చివరగా సంఖ్య గురించి. సొంత టైపులు చేయడం తెలిశాక ప్రతి దానికీ ఒకటి చేయాలనిపిస్తుంది. నేనూ ఒక దశలో అలాగే చేశాను. ఒక చోట పనిచేసినప్పుడు ఒకే సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్‌ను ప్రతి టీమ్ తన సొంత క్రెడెన్షియల్‌గా కాపీ చేసుకుంది, మొత్తం పద్నాలుగు. పాస్‌వర్డ్ మార్చాల్సిన రోజు పదమూడు మార్చాం. మిగిలిన ఒక్కటి పావుగంటకోసారి నడిచే షెడ్యూల్‌లో ఉంది. అది పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూనే ఉంది, డొమైన్‌లో ఆ అకౌంట్ లాక్ అవుతూనే ఉంది, దాంతో కొత్త పాస్‌వర్డ్ ఉన్న పదమూడు కూడా ఆగిపోయాయి. అన్‌లాక్ చేసిన పావుగంటకు మళ్లీ లాక్. ఆ ఒక్కటి దొరికే వరకు మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు.

ఆ తర్వాత నేను రెండు పనులు చేస్తాను. ఒక రహస్యానికి ఒకే క్రెడెన్షియల్, ఆర్గనైజేషన్ పేరు మీద; టీమ్‌లకు దాని మీద యూజ్ అనుమతి మాత్రమే. కుదిరిన చోట విలువను ఏడబ్ల్యూఎక్స్‌లో పెట్టకుండా హాషికార్ప్ వాల్ట్ నుంచో, సైబర్‌ఆర్క్ నుంచో, అజూర్ కీ వాల్ట్ నుంచో జాబ్ నడిచేటప్పుడు తెచ్చుకునేలా లుకప్ పెడతాను. క్రెడెన్షియల్ గడి పక్కన ఉండే తాళం చెవి బొమ్మ నొక్కితే ఆ ఏర్పాటు ఉంటుంది, మీ సొంత టైపుల గడులకు కూడా. పాస్‌వర్డ్ మారినప్పుడు అక్కడ ఒక్కచోట మారిస్తే సరి.

మీ విషయంలో నేనైతే ఇంకో అడుగు ముందుకు వేసి, డీఎంజెడ్‌కు వేరే కీ ఎందుకు ఉందో సెక్యూరిటీ టీమ్‌ను అడుగుతాను. నిజంగా వేరు చేయాలని పెట్టి ఉంటే, ఆ కీని లోపలి సర్వర్ల జాబ్‌కే ఇవ్వడం వాళ్లకు ఇష్టం ఉండదు, అప్పుడు వర్క్‌ఫ్లో తప్పదు. పాత రోజుల్లో వేరే వ్యక్తి సర్వర్లు కట్టడం వల్ల అలా మిగిలిపోయి ఉంటే, రెండు చోట్లా ఒకే సర్వీస్ యూజర్, ఒకే కీ పెట్టించి సమస్యనే తీసేయొచ్చు.

ఇంకొక్క పని ఈ వారమే చేయండి. ఈ క్రెడెన్షియల్స్ అన్నీ సీక్రెట్ కీ అనే ఒక్క విలువతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. కుబర్నెటిస్‌లో ఆపరేటర్‌తో పెట్టినవారికి అది మీ ఇన్‌స్టెన్స్ పేరు చివర సీక్రెట్ కీ అని ఉండే సీక్రెట్‌లో ఉంటుంది, పాత టవర్‌లో సర్వర్ మీద ఈటీసీ కింద టవర్ ఫోల్డర్‌లో ఫైల్‌గా ఉంటుంది. డేటాబేస్ బ్యాకప్ ఉండి ఈ కీ పోతే, క్రెడెన్షియల్స్ పేర్లు మాత్రం కనిపిస్తాయి, లోపలి విలువలు ఎవరూ తెరవలేరు. దాన్ని డేటాబేస్ బ్యాకప్ ఉన్న చోట కాకుండా వేరే సురక్షితమైన చోట దాచండి.

మీ విండోస్ సర్వర్లు డొమైన్‌లో ఉన్నాయా, విడిగా ఉన్నాయా చెప్పండి. డొమైన్‌లో ఉండి కెర్బరోస్ (డొమైన్ లాగిన్ పద్ధతి) వాడాలనుకుంటే యూజర్‌నేమ్ చివర డొమైన్ పేరు పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి, మీ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ ఇమేజ్‌లో కెర్బరోస్ ప్యాకేజీలు కూడా ఉండాలి. ఆ ఇమేజ్ ఎలా తయారు చేసుకోవాలో కావాలంటే కింద అడగండి, రాస్తాను.